పాపఘ్నికి ఏ రంగు వేయాలి?

2003 ఫిబ్రవరి. ఎనిమిదో తరగతి, డ్రాయింగ్ పీరియడ్. బోర్డు మీద నేను గీసిన బొమ్మ మీకూ తెలిసిందే. రెండు కొండలు, వాటి సందులో సగం సూర్యుడు, అక్కణ్నుంచి వంకరలు తిరుగుతూ దిగే ఏరు, ఒడ్డున ఒరిగిన కొబ్బరిచెట్టు, పక్కన పెంకుటిల్లు. చిన్నప్పుడు మా అయ్యవారు నాకు నేర్పిందీ అదే, ఉద్యోగంలో చేరినప్పటి నుంచి నేను నేర్పుతున్నదీ అదే. పిల్లలు తలలు వంచుకుని గీస్తున్నారు. మూడో బెంచీలోంచి ఒకడు లేచాడు.

"సార్, ఏటికి ఏ రంగు ఎయ్యాల?"

"నీలం వెయ్యి."

"మన ఏట్లో నీళ్లే ల్యావు గదా సార్. నీలం యాడ్నుంచి వచ్చాది?"

వాడు ఎగతాళిగా అడగలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. అంతకు ముందు ఏడాది వానలు మొహం చాటేశాయి. మా ఏరు పాపఘ్ని పొడుగునా ఇసుకే. ఆ ఏటిని దాటుకుంటూ బడికి వచ్చే పిల్లవాడికి నేను నీలం వెయ్యమంటున్నాను. జవాబు చెప్పేలోపు గంట కొట్టారు. ఆ గంట నన్ను కాపాడింది గానీ, ప్రశ్న మాత్రం ఇంటిదాకా వెంట వచ్చింది.

ఆ ఆదివారం రంగుల పెట్టె, అట్ట, రెండు కుంచెలు, ఒక సీసా నీళ్లు తీసుకుని ఏటికి పోయాను. ఏటిని గీయడానికి నీళ్లు ఇంటి నుంచి మోసుకుపోవాలని సీసా నింపుతున్నప్పుడే తట్టింది. నాకు అప్పటికే డ్రాయింగ్ లోయర్, హయ్యర్ రెండూ పాసైన సర్టిఫికెట్లు ఉన్నాయి. పటాలు చూసి దింపడం వచ్చు. ఎదురుగా ఉన్నదాన్ని చూసి గీయడం మాత్రం ఆ రోజే మొదలుపెట్టాను.

పొద్దున ఏడింటికి ఇసుక బూడిద రంగులో ఉంది. తొమ్మిది దాటాక కొర్రపిండి రంగుకు వచ్చింది. నడిమధ్యాహ్నం దానికి రంగే లేదు, వెలుగు తప్ప. ఎండ పడమటికి వాలాక కొండ నీడ వచ్చి ఇసుక మీద పడుకుంది. ఆ నీడ నల్లగా ఉంటుందని అనుకుంటాం. కాదు, అది వంకాయ రంగులో ఉంది. నేను ఎన్నిసార్లు కలిపినా ఆ రంగు రాలేదు.

సాయంత్రం ఒకామె బిందె చంకన పెట్టుకుని వచ్చింది. ఏటి నడుమ కూర్చుని చేత్తో ఇసుక తోడి చెలమ తీసింది. మోచేతి లోతు పోగానే అడుగున తేమ కనిపించింది. ఇంకొంచెం తోడితే నీళ్లు ఊరాయి. మొదటి నీళ్లు బురదగా ఉంటాయి కాబట్టి కొబ్బరిచిప్పతో తీసి పక్కన పోసింది, కాసేపు ఆగింది. నీళ్లు తేటపడ్డాయి. అప్పుడు నాకు కనిపించింది. ఆ చెలమలో, పళ్లెమంత మేర, ఆకాశం ఉంది. స్వచ్ఛమైన నీలం. అర మైలు ఇసుకలో అదొక్కటే నీలం.

సోమవారం ఆ పిల్లవాణ్ని పిలిచి చెప్పాను. "ఏరంతా ఇసుక రంగు వెయ్యి. నడుమ చెలమ ఒకటి పెట్టి, దాంట్లో నీలం వెయ్యి." వాడు వేశాడు. చెలమ పక్కన వాళ్లమ్మను కూడా కూర్చోబెట్టాడు. ఆ మాట నేను చెప్పలేదు. నీళ్లున్న చోట అమ్మ ఉంటుందని వాడికి తెలుసు.

ప్రకృతి దృశ్యాన్ని గీయడమంటే ఏమిటో నాకు ఆ కాగితం నేర్పింది. అప్పటి నుంచి కడప జిల్లాలోని మా వేంపల్లె చుట్టుపక్కల గీస్తూనే ఉన్నాను. ఎవరైనా "ఏముంది సార్ ఇక్కడ గీయడానికి, ఊటీకో అరకుకో పోండి" అంటే నాకు బాధే వేస్తుంది. గీయదగ్గ నేల వేరే ఎక్కడో ఉందని మనకు నూరిపోసింది ఎవరు?

మనం ల్యాండ్‌స్కేప్ అంటున్న మాట ఇంగ్లీషువాళ్లది కూడా కాదు, వాళ్లు డచ్చివాళ్ల దగ్గర తీసుకున్నది. డచ్చి భాషలో ఆ మాటకు మొదటి అర్థం ఒక ప్రాంతం, మనుషులు కాపురముండి సాగుచేసుకునే నేల. 17వ శతాబ్దంలో హాలండు చిత్రకారులు దేవుళ్లూ రాజులూ లేకుండా, కాలువలు, గాలిమరలు, పశువులు, మబ్బులు మాత్రమే పెట్టి చిత్రాలు వేశారు. సముద్రాన్ని వెనక్కి నెట్టి, కట్టలు కట్టి సంపాదించుకున్న నేల వాళ్లది. అందుకే దానికి పటం కట్టుకున్నారు. చైనావాళ్లు ఈ రకం చిత్రాలను షాన్‌షుయ్ అంటారు. షాన్ అంటే కొండ, షుయ్ అంటే నీళ్లు. ఆ చిత్రాల్లో కొండలు మేఘాల్లోకి పోతుంటాయి, కింద ఎక్కడో ఒక మనిషి చీమంత ఉంటాడు. వెతికితే తప్ప కనిపించడు. ఒక్కో జాతి తన నేలతో తనకున్న సంబంధాన్ని బట్టి మనిషిని పటంలో ఎక్కడో ఒకచోట నిలబెట్టింది. మా పాపఘ్ని పటంలో మనిషి చెలమ దగ్గర కూర్చుని ఉంటాడు. చాలాసార్లు ఉంటుంది, అనాలి.

మన తెలుగువాళ్లలో ఈ పని చేసినవాళ్లు లేకపోలేదు. రాజమండ్రిలో దామెర్ల రామారావు 1897లో పుట్టాడు. అక్కడి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే స్వయంగా చిత్రకారుడు. కుర్రవాడి చెయ్యి చూసి ప్రోత్సహించి, బొంబాయి జె.జె. ఆర్ట్ స్కూలు దారి పట్టించాడు. రామారావు మనుషుల్నీ వేశాడు, ప్రకృతినీ వేశాడు. 1925లో మసూచి సోకి పోయేనాటికి ఆయన వయసు 28 ఏళ్లు కూడా నిండలేదు. ఆయన పేరిట రాజమండ్రిలో ఉన్న చిత్రశాలకు నేను రెండుసార్లు పోయాను. గోదావరి పక్కన బతికిన మనిషి రంగుల్లో తేమ ఉంటుంది. నీటిరంగు కాగితం మీద ఎలా పాకిందో, ఎక్కడ ఆగిందో చూస్తూ నిలబడిపోయాను. అయినా బయటికి వచ్చాక అనిపించింది, ఈ తేమ మాకు ఒప్పదని. మా వైపు కాగితం మీద కుంచె పెట్టిన క్షణంలో ఆరిపోతుంది. ఎండాకాలం రెండో గీత పెట్టేసరికి మొదటి గీత అంచు గట్టిపడి ఉంటుంది. మొదట్లో అది నా చేతకానితనం అనుకున్నాను. పోనుపోను ఆ గట్టి అంచే మా రాళ్లకు తగిన గీత అని తెలిసింది.

ఇంకొకరు గుంటూరు జిల్లా తుమ్మపూడి సంజీవదేవ్, 1914లో పుట్టి 1999లో పోయారు. చిత్రకారుడు, కళను గురించి తెలుగులో అంత తేటగా రాసినవారు అరుదు. యవ్వనంలో హిమాలయాల్లో తిరిగారు. కులూ లోయలోని నగ్గర్‌లో స్థిరపడిన రష్యా చిత్రకారుడు నికొలాయ్ రోరిక్ దగ్గర ఉన్నారు. రోరిక్ హిమాలయాలను ఎన్నిసార్లు వేశాడో లెక్కలేదు. అలాంటి కొండల్ని చూసినవాడు అక్కడే ఉండిపోతే ఎవరూ తప్పుపట్టరు. సంజీవదేవ్ మళ్లీ తుమ్మపూడికే వచ్చారు. సొంత ఊరి చెట్ల కింద కూర్చుని చిన్న చిన్న ప్రకృతి చిత్రాలు వేసుకుంటూ, వచ్చినవాళ్లతో మాట్లాడుకుంటూ జీవితమంతా గడిపారు. ఆయన 'తెగిన జ్ఞాపకాలు' చదివినప్పుడు హిమాలయాల కన్నా ఆ తిరిగి రావడమే నన్ను ఎక్కువగా పట్టుకుంది.

మా సీమను గీసినవాళ్లు ఎవరా అని చూస్తే కొలతలవాళ్లే ముందు కనిపిస్తారు. 1800లో నిజాం ఈ జిల్లాలను కుంపిణీకి వదిలేశాక కల్నల్ కాలిన్ మెకంజీ మనుషులు దత్తమండలాలను సర్వే చేశారు. కోటలు, కొండలు, గుళ్లు బొమ్మలుగా దించుకున్నారు, ఊరూరి చరిత్రలు కైఫీయత్తులుగా రాయించుకున్నారు. ఆ బొమ్మల్లో చాలావరకు ఇప్పుడు లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. చక్కటి పని, కాదనను. కానీ అది పన్ను కట్టించుకోబోయేవాడు నేలను చూసిన చూపు.

అంతకు ముందు గీసినవాళ్లు కావాలంటే ముద్దనూరు దగ్గర చింతకుంటకు పోవాలి. అక్కడ బండరాళ్ల కింద ఆదిమానవులు వేసిన బొమ్మలున్నాయి. తెల్లవీ ఉన్నాయి, ఎర్రవీ ఉన్నాయి. మూపురమున్న ఎద్దులు, జింకలు, మనుషులు. ఎంత వెతికినా ఒక కొండ బొమ్మ గానీ, ఏటి బొమ్మ గానీ నాకు కనిపించలేదు. వాళ్లు కొండను గీయలేదు, కొండ మీద గీశారు. కొండ లోపలే బతికేవాడికి కొండ ఒక దృశ్యంగా ఎందుకు కనిపిస్తుంది? ఇల్లు విడిచి దూరం పోయినవాడే ఇంటి బొమ్మ వేసుకుంటాడు. ప్రకృతి చిత్రం మొదలైందంటే మనిషి ప్రకృతి నుంచి కొంచెం జరిగాడనే అర్థం. ఆ జరిగిన దూరం నాకూ ఉంది. నెల జీతం మీద బతికినవాణ్ని, చేను నమ్ముకుని కాదు.

గీసేవాడి కథ మా దగ్గర ఇంకొకటుంది. వేంపల్లె నుంచి రాయచోటి దారిలో కొంచెం దూరం పోతే గండి వస్తుంది. కర్ణాటకలో నంది కొండల వైపు పుట్టిన పాపఘ్ని, శేషాచలం కొండలు అడ్డం వచ్చిన చోట వాటిని కోసుకుని ఇటు దిగుతుంది. కోసిన ఆ సందే గండి. అక్కడ వీరాంజనేయస్వామి గుడి ఉంది. శ్రావణమాసం శనివారాల్లో ఇసుక వేస్తే రాలనంత జనం. వాయుదేవుడు అక్కడ తపస్సు చేసుకుంటూ, లంకకు పోతున్న రాముణ్ని తిరుగు ప్రయాణంలో తన ఆతిథ్యం తీసుకోమని అడిగాడట. రాముడు గెలిచి వచ్చేసరికి రెండు కొండలకూ కలిపి ఏటి మీద బంగారు తోరణం కట్టాడట. ఆ రాత్రి అక్కడ విడిది చేసిన రాముడు ఊరికే కూర్చోలేక, అమ్ము మొనతో బండ మీద హనుమంతుడి బొమ్మ గీశాడు. అంతా అయింది, ఎడమచేతి చిటికెన వేలు మిగిలింది. ఇంతలో లక్ష్మణుడు, అయోధ్యకు పొద్దుపోతోందని తొందరపెట్టాడు. ఆ వేలు అలాగే నిలిచిపోయింది. ఎప్పుడో యతి వ్యాసరాయలవారు వచ్చి ఆ గీతల వెంట శిల్పం తొలిపించి, వేలు కూడా పూర్తిచేయబోతే రక్తం కారిందని చెప్పుకుంటారు. బంగారు తోరణం పుణ్యాత్ములకు చివరి కాలంలో కనిపిస్తుందంటారు. మద్రాసు గవర్నరు మన్రో దొరకు కనిపించిందని, కొద్ది కాలానికే ఆయన పోయాడని మా పెద్దవాళ్లు చెప్పేవారు. మన్రో 1827లో పత్తికొండలో కలరాతో పోయిన మాట చరిత్రలో ఉన్నదే.

కథ నిజమా అని నేను అడగను. రాముడంతటివాడు ఏటి ఒడ్డున కూర్చుని చేసిన పని బొమ్మ వేయడమని మా ఊరివాళ్లు అనుకున్నారు, నాకది చాలు. అది కూడా గుర్తున్న మనిషిని, ఆ నేల మీద ఉన్న రాయి మీద.

గండి దగ్గర నాకొక చోటుంది. ఏటికి ఇవతల, ఒక వేపచెట్టు కింద. అక్కణ్నుంచి చూస్తే కొండల్లో రాతి పొరలు పుస్తకం పేజీల్లా ఒకదాని మీద ఒకటి కనిపిస్తాయి. 2005 నుంచి ఏడాదికి కనీసం నాలుగైదు సార్లు ఆ చోటనే కూర్చుని అదే దృశ్యం వేస్తున్నాను. ఇంట్లోవాళ్లు మొదట్లో విసుక్కున్నారు, అదే కొండ ఎన్నిసార్లు వేస్తావని. ఫ్రాన్సులో సెజాన్ అనే చిత్రకారుడు తన ఊరు ఎక్స్ దగ్గరున్న సున్నపురాతి కొండ ఒకదాన్ని పదుల సార్లు వేశాడు. అది కూడా ఎండ ఎక్కువున్న చోటే. 1906 అక్టోబరులో బయట బొమ్మ వేస్తుండగా వానలో తడిసి పడిపోయి, కొద్ది రోజులకే పోయాడు. ఆ సంగతి చెబితే మా ఇంట్లోవాళ్లు ఇంకా భయపడ్డారు. కానీ ఒకే చోట కూర్చుంటే తప్ప మార్పు తెలియదు. నా బొమ్మలు వరసగా పేరిస్తే ఒడ్డున సర్కారు తుమ్మ ఎలా పెరిగిందో, ఇసుక మట్టం ఎలా కిందికి దిగిందో, ఒకప్పుడు కప్పుకుని ఉన్న బండలు ఎలా బయటపడ్డాయో కనిపిస్తాయి. ఇసుక పోతే చెలమ ఉండదు. నా చిత్రాల్లో చెలమ చివరిసారి కనిపించింది 2012లో.

రంగుల విషయానికి వస్తాను. కొన్న రంగులతో చాలా ఏళ్లు వేశాను. ఎర్రనేలకు ఎంత కలిపినా ట్యూబులోని ఎరుపు పరాయిగానే ఉండేది. ఒకరోజు మా ఇంటి గోడ కింద అమ్మ వేసిన జాజు పట్టీ చూశాను. సున్నం కొట్టిన గోడకు కింద జానెడు ఎత్తున ఎర్రటి పట్టీ. ఆ జాజు మట్టే కదా. గుడి ప్రహరీకి పట్టెలు పట్టేదీ అదే. అయిదు వందల ఏళ్ల కిందట లేపాక్షి పైకప్పుకు వేసిన రంగులు మట్టి, సున్నం, మసి లాంటివే. నేను మాత్రం దుకాణానికి ఎందుకు పోవాలి?

అప్పటి నుంచి నా రంగులు నేనే చేసుకుంటున్నాను. చేను గట్టు మీది ఎర్రమట్టి తెచ్చి ఎండబెట్టి, రోట్లో దంచి, పాత పంచె గుడ్డలో జల్లెడ పడతాను. ఆ పొడిని బకెట్ నీళ్లలో కలిపి నూరంకెలు లెక్కపెట్టేదాకా ఆగితే గరుకు ఇసుక అడుక్కి దిగుతుంది. పైనున్న ఎర్రనీళ్లను మెల్లగా వేరే గిన్నెలోకి వంచుకోవాలి. చెయ్యి వణికితే మళ్లీ మొదటికి. రాత్రంతా కదపకుండా పెడితే పొద్దునకి పైన తేటనీరు, కింద వెన్నలాంటి మడ్డి. తేట పారబోసి, మడ్డిని కడప బండ మీద పరిచి ఆరబెడతాను. తుమ్మబంకను ముందురోజే నానబెట్టి వడగట్టి ఉంచుకుంటాను. ఆ జిగురుతో మడ్డిని గుండ్రాయి పెట్టి నూరాలి. గంటన్నర పడుతుంది. మొదట గర్రుగర్రుమంటుంది. ఆ శబ్దం పోయి, రాయి జారుతున్నట్టు చేతికి తెలిసినప్పుడు రంగు తయారైనట్టు. పెంకులుగా పగలకుండా నాలుగు చుక్కల తేనె. ఇంగ్లండులో తయారయ్యే నీటిరంగులకూ జిగురు తుమ్మ జాతి చెట్టు బంకే.

తెలుపు మా వైపు వెతుక్కునే పని లేదు. ముగ్గురాయి ఉంది. దాన్నే బైరటీస్ అంటారు. ఓబులవారిపల్లె మండలం మంగంపేటలో ఉన్న నిక్షేపం ప్రపంచంలోని పెద్దవాటిలో ఒకటి. బరువైన రాయి కాబట్టి దాని పొడిని చమురు బావులు తవ్వేటప్పుడు వాడతారు. రంగుల తయారీలోనూ కలుపుతారు. దేశదేశాలకు పోయే ఆ రాతికి మా ఆడవాళ్లు పెట్టిన పేరు మాత్రం ముగ్గురాయి. అమ్మ రోజూ తెల్లవారకముందే వాకిలి ఊడ్చి, పేడనీళ్లు చల్లి, ఆ పొడితో ముగ్గు వేసేది. నేల మీద నేలతోనే బొమ్మ. ఎండెక్కేసరికి కాళ్ల కింద పడి సగం పోయేది. మర్నాడు మళ్లీ వేసేది. మా ఇంట్లో మొదటి చిత్రకారిణి ఆమె. ఆ మాట ఆమె ఉండగా చెప్పలేకపోయాను.

2021 నవంబరులో వానలు పడ్డ తీరు ఈ జిల్లావాళ్లు మరిచిపోలేరు. చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి ఊళ్లు కొట్టుకుపోయాయి. ఇటు వెలిగల్లు జలాశయం నుంచి వదిలిన నీళ్లతో పాపఘ్ని పొంగి, పెన్నలో కలిసే ముందు కమలాపురం దగ్గర పెద్ద వంతెనే కూలిపోయింది. వాన తగ్గిన పూట నేను ఏటి గట్టుకు పోయాను. ఊరంతా అక్కడే ఉంది. ఎన్నో ఏళ్లుగా ఇసుక తప్ప ఎరగని ఏరు ఈ గట్టు నుంచి ఆ గట్టుకు నిండుగా పోతోంది. బొమ్మ వేయలేదు, వేసే మనసు లేదు. రంగు మాత్రం చూశాను. అచ్చం జాజు. మా గోడ కింది పట్టీ రంగు. మా చేలల్లోని పైమట్టి అది, ఏటితో కలిసి పెన్నకు, పెన్నతో సముద్రానికి పోతోంది. ఒక అంగుళం పైమట్టి తయారుకావడానికి వందల ఏళ్లు పడుతుంది. పోవడానికి ఒక్క రాత్రి సరిపోయింది.

ఆ సాయంత్రం ఫోను వచ్చింది. 2003లో ప్రశ్న అడిగిన పిల్లవాడు. ఇప్పుడు బెంగళూరులో పని చేస్తున్నాడు. టీవీలో చూశానన్నాడు. ఇంటిదగ్గర అందరూ క్షేమమేనా అని అడిగి, కాసేపు ఆగి, "సార్, ఏరు ఎర్రగుండాది" అన్నాడు. అవునన్నాను. ఇద్దరం ఇంకేమీ అనలేదు.

ఇక 2024 మార్చి సంగతి. అంతకు ముందు ఏడాది మళ్లీ వానలు లేవు. జిల్లాలో ఏడాదికి సగటున పడేదే 700 మిల్లీమీటర్లు. అది కూడా పడాల్సిన నాడు పడదు. వేంపల్లెకు దగ్గర్లో ఒక పెద్దాయన చీనీ తోట ఉంది. కొండ వెనక, ముందు ముదురాకుపచ్చ తోట, నడుమ ఎర్రటి దారి. ఆ అందం చూసి రెండు రోజులు కూర్చుని బొమ్మ వేశాను. పెద్దాయన వచ్చి వెనక నిలబడ్డాడు. చాలాసేపు చూశాడు.

"కొండ బాగుండాది అయ్యవారా. మా తోట యాడుండాది?"

"ఇదే కదా మామా."

"ఇది కాదు. ఎండిపోయిన సాళ్లు ఏవి? బోర్లు ఏవి?"

అప్పుడు చూశాను. నేను కూర్చున్న చోటికి కుడివైపు నాలుగు సాళ్ల చీనీ చెట్లు ఎండి కట్టెలయ్యాయి. ఆ పక్కన మూడు చోట్ల నేలలోంచి కేసింగ్ పైపులు మూరెడేసి పైకి పొడుచుకు వచ్చి ఉన్నాయి. బొమ్మ చెడుతుందని వాటిని వదిలేశాను. రెండు రోజులూ నా కంటి ముందే ఉన్నాయి. పదిహేనేళ్లు పెంచిన చెట్లు, అప్పు చేసి వేయించిన బోర్లు, ఆయన చేనులో ఆయనకు ముందు కనిపించేవి అవే. ఎదురుగా ఉన్నది గీయాలని పిల్లలకు ఇరవై ఏళ్లు చెప్పినవాణ్ని, నాకు సిగ్గేసింది.

మూడో బోరు కథ ఆయనే చెప్పాడు. టెంకాయ అరచేతిలో పెట్టుకుని నడిచే ఆయన్ను పిలిపించి పాయింటు పెట్టించాడు. రాత్రి ఎనిమిదికి బండి వచ్చింది. ఇంటిల్లిపాదీ గట్టు మీద కూర్చున్నారు. మూడు వందల అడుగుల దగ్గర కొంచెం తేమ వచ్చినట్టే వచ్చి పోయింది. ఆరు వందల తర్వాత అడుగడుక్కీ డబ్బు లెక్క. ఆపమనాలంటే నోరు రాదు, ఇంకో పైపుకు పడొచ్చేమో అనిపిస్తుంది. తెల్లారేదాకా దుమ్మే లేచింది. చెట్ల మీద, వీళ్ల తలల మీద తెల్లగా పడింది. ఇంటికి పోయి చూసుకుంటే అందరికీ ఒక్క రాత్రిలో జుట్టు నెరిసినట్టుందట.

ఆ దుమ్ము కుప్ప ఇంకా పైపు పక్కనే ఉంది. చేతిలోకి తీసుకున్నాను. మెత్తగా, బూడిద కలిసిన తెలుపు. అది ఏ రాయో నాకు తెలుసు. 1872లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త కడప, కర్నూలు రాళ్ల మీద పెద్ద గ్రంథం అచ్చువేశాడు. అప్పటి నుంచి ఈ రాళ్ల సమూహానికి పాపఘ్ని పేరు, అందులోని సున్నపురాతి పొరలకు మా ఊరి పేరు నిలిచిపోయాయి. కడప రాళ్ల గురించి భూగర్భ శాస్త్రంలో ఎక్కడ చదివినా వేంపల్లె ఫార్మేషన్ అనే మాట ఉంటుంది. దాదాపు 200 కోట్ల ఏళ్ల కిందట ఇక్కడ లోతు తక్కువ సముద్రం ఉండేది. దాంట్లో కంటికి కనిపించని సూక్ష్మజీవులు చాపల్లా అల్లుకుని, ఒండ్రును పట్టి ఉంచి, పొర మీద పొర పేర్చాయి. ఆ పొరలే రాళ్లయి, కోసిన క్యాబేజీలా వలయాలతో ఇప్పటికీ కనిపిస్తాయి. స్ట్రొమాటోలైట్లు అంటారు. మనం పీలుస్తున్న ప్రాణవాయువును మొదట గాల్లోకి వదిలినవి ఆ రకం జీవులే. తుమ్మలపల్లె దగ్గర యురేనియం తవ్వుతున్నదీ ఈ వేంపల్లె పొరల్లోంచే. ఒకనాటి సముద్రం అడుగు ఇది. దాన్ని వందల అడుగులు తొలుచుకుంటూ పోయినా ఒక కుటుంబానికి ఒక బిందె నీళ్లు దొరకలేదు.

ఇదంతా పెద్దాయనకు చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. "సముద్రమా, ఈడనా" అని కొండ వైపు చూశాడు. తర్వాత ఎరువుల సంచి ఒకటి దులిపి, దోసిళ్లతో దుమ్ము ఎత్తి నింపి ఇచ్చాడు.

"నువ్వు మట్టితో రంగులు చేచ్చావంట గదా. ఇది కూడా చెయ్యి. దీంతోనే ఏసెయ్ మా పైపులు."

ఇంటికి తెచ్చి తేర్చాను. ఎర్రమట్టి కన్నా తొందరగా అడుక్కి దిగింది. నూరితే ముగ్గురాయి అంత తెలుపు రాలేదు. కొంచెం మాసిన, కొంచెం నీలి ఛాయ ఉన్న తెలుపు వచ్చింది. కొత్త కాగితం తీసుకుని అదే చోట మళ్లీ కూర్చున్నాను. ఈసారి కొండను వెనక్కి పంపించి, మూడు పైపుల్ని ముందుకు తెచ్చాను. ఎండిన సాళ్లకు మసి, తోటలో దారికి ఆయన గట్టు మీది జాజు, పైపులకూ వాటి చుట్టూ పడి ఉన్న కుప్పలకూ ఆ దుమ్ము. నాలుగు రోజులు పట్టింది. పెద్దాయన రోజూ రెండుసార్లు వచ్చి చూసిపోయేవాడు. ఒకసారి రెండో పైపు మూత ఎర్రదని, నేను నల్లగా వేశానని దిద్దించాడు.

అయ్యాక బొమ్మ ఆయనకే ఇచ్చాను. తీసుకోనన్నాడు, బలవంతం చేస్తే తీసుకున్నాడు. వెనక్కి తిప్పి, మూడు బోర్ల లోతులూ రాయమన్నాడు. 450, 620, 840 అని రాశాను. ముందువైపు కింద మూలన నా పేరు పెట్టబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాడు.

"గీత నీది, దుమ్ము నాది. ఇద్దరిదీ పెట్టు."

కుంచె ఆయనకే ఇచ్చాను. అదే తెలుపులో ముంచి, కాగితం మీదికి బాగా వంగి, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ నా పేరు కంటే ముందే తన పేరు రాశాడు.